వాడిన రైఫిల్ బ్రాస్‌లో కనిపించే లోపాలు: కారణం, పరిష్కారం

ఈ సూచనలు అమెరికాలో ఉంటూ .308 విన్చెస్టర్ రైఫిల్‌కు రీలోడింగ్ (వాడిన తూటా ఇత్తడి తొడుగును, అంటే బ్రాస్‌ను, మళ్లీ నింపి వాడడం) మొదలుపెట్టేవారి కోసం. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) మసిలో సీసం ఉంటుంది కాబట్టి ఖాళీ తొడుగులను ముట్టుకున్న తర్వాత చేతులు తప్పక కడుక్కోవాలి.

సమస్య: అడుగు భాగానికి కాస్త పైన, తొడుగు చుట్టూ మెరిసే గీత.
అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. సైజింగ్ డైని (తొడుగును తిరిగి అసలు కొలతకు నొక్కే అచ్చును) అతిగా కిందికి బిగిస్తే షోల్డర్ (తొడుగు మెడ కింద వాలుగా ఉండే భాగం) అవసరానికి మించి వెనక్కి జరుగుతుంది. దాంతో ఛాంబర్‌లో, అంటే రైఫిల్‌లో తూటా కూర్చునే చోట, ఖాళీ మిగులుతుంది. కాల్చిన ప్రతిసారీ ఆ ఖాళీ మేరకు తొడుగు సాగి, అడుగున దళసరి ముగిసే చోట గోడ పలుచబడుతుంది. చివరకు అక్కడే రెండుగా తెగి, వేడి వాయువు షూటర్ ముఖం వైపు తన్నవచ్చు. డై రాపిడి వల్ల కూడా ఇలాంటి మెరుపే వస్తుంది కనుక కంటితో చూసి తేల్చరాదు. పేపర్ క్లిప్పును సాపు చేసి, కొనను కొక్కెంలా వంచి, మొన తేలేలా అరగదీసి, లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. మొన గాడిలో పడి ఆగితే ఆ తొడుగు పనికిరాదు. దాన్ని ప్లయర్స్‌తో నొక్కి చపటగా చేసి పారవేయండి. అలాగే ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు మంచివాటిలో కలిసిపోతుంది. ఆ తర్వాత డైని సరిచేయాలి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు షోల్డర్‌ను 0.001 నుంచి 0.002 అంగుళం వెనక్కి నెడితే సాధారణంగా చాలు.

సమస్య: నెక్ (బుల్లెట్‌ను పట్టి ఉంచే మెడ భాగం) వద్ద చీలిక.
మళ్లీ మళ్లీ సాగి, కుదించుకుపోవడంతో ఇత్తడి పెళుసుబారుతుంది. చీలినదాన్ని పారవేయవలసిందే, మిగిలినవాటికి నెక్, షోల్డర్ వరకే వేడి తగిలించి మెత్తబరచవచ్చు, అడుగు భాగానికి మాత్రం వేడి సోకరాదు. సైనిక తొడుగుల మెడపై కనిపించే నీలి మచ్చ ఆ ప్రక్రియ గుర్తే తప్ప లోపం కాదు. అమోనియా కలిసిన పాలిష్‌లు వాడకండి. బ్రిటిష్ పాలనలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన తూటాల తొడుగులు వాటంతటవే పగిలేవి. పశువుల మూత్రం నుంచి వచ్చిన అమోనియాయే అందుకు కారణమని 1921లో తేలింది.

సమస్య: కొత్త ప్రైమర్ లోపలికి దిగకపోవడం.
సైనిక తొడుగుల్లో ప్రైమర్ కదలకుండా గుంట అంచును నొక్కి ఉంచుతారు. బలవంతపెట్టకుండా, ఆ అంచును స్వేజర్‌తో (అంచును నొక్కి వెడల్పు చేసే పనిముట్టు) గానీ రీమర్‌తో (అంచును గీకి తీసే పనిముట్టు) గానీ సరిచేయండి. అందుకు భిన్నంగా ప్రైమర్ ఏ ప్రతిఘటనా లేకుండా జారిపోతే, అధిక పీడనంతో గుంట వదులైందని అర్థం. దానికి మరమ్మతు లేదు. లోపల మధ్యన ఒకటికి బదులు పక్కలకు రెండు రంధ్రాలు కనిపిస్తే అది బెర్డన్ రకం, డీక్యాపింగ్ పిన్ను (వాడిన ప్రైమర్‌ను బయటికి నెట్టే సూది) విరిగేలోపే పక్కన పెట్టండి.

సమస్య: తొడుగు డైలో ఇరుక్కుపోవడం, లేదా షోల్డర్‌పై సొట్టలు.
మొదటిదానికి ల్యూబ్ (తొడుగు డైలో జారేందుకు పూసే జిడ్డు) చాలకపోవడం, రెండోదానికి ఎక్కువ కావడం కారణం. పలుచగా, నెక్ కింది నుంచి అడుగు వరకు పూయండి. చిన్న సొట్టలు కాల్చినప్పుడు వాటంతటవే పోతాయి.

సమస్య: బోల్ట్ మూసేటప్పుడు బిగుతు.
తొడుగు 2.015 అంగుళాల గరిష్ఠ పొడవును దాటి ఉండవచ్చు. అప్పుడు నెక్ బుల్లెట్‌ను నొక్కిపట్టి పీడనాన్ని పెంచుతుంది. 2.005 అంగుళాలకు ట్రిమ్ చేసి, అంచు లోపలా బయటా నునుపు చేయండి. సైజింగ్‌తో తొడుగు పొడవు పెరుగుతుంది కాబట్టి కాలిపర్ కొలత ఎప్పుడూ సైజింగ్ తర్వాతే తీసుకోవాలి.