విక్టోరియన్ నగల పెట్టె మూతను బాగుచేసిన అనుభవం

ఇంగ్లండులో ఒక పాత వస్తువుల సంతలో నేను కొన్న విక్టోరియన్ కాలపు నగల పెట్టె మూతపై, ఒక మూలన వాల్‌నట్ చెక్కపొర ఉబ్బి, వేలితో తట్టితే డొల్లగా మోగేది. అంచున పొదిగిన ఇత్తడి పట్టీ కూడా కొంత పైకి లేచింది. ఏళ్లు గడిచేకొద్దీ చెక్క కుంచించుకుపోతుంది కానీ ఇత్తడి కుంచించుకోదు కనుక, ఇలాంటి పెట్టెల్లో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది.

ఆనాటి పనివారు వాడిన జిగురు పశుచర్మం నుంచి తీసినది. వేడికీ తడికీ మెత్తబడుతుంది కనుక, ఎన్నేళ్ల తర్వాతైనా అతుకును విప్పి మళ్లీ వేయవచ్చు. అందుకే నేనూ అదే ఎంచుకున్నాను. జిగురు పలుకులను రాత్రంతా చన్నీటిలో నానబెట్టి, వేడినీటి గిన్నెలో ఉంచి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వరకు కరిగించాను. మరిగితే దాని పట్టు పోతుంది.

ఉబ్బిన చోట చెక్క నారల వెంబడి సన్నని గాటు పెట్టి, పలుచని కత్తితో జిగురును లోపలికి జార్చి, మైనపు కాగితం పరిచి, వెచ్చని చెక్కదిమ్మతో ఒక రోజంతా బిగించి ఉంచాను. పైకి పొంగిన జిగురును వెంటనే దాదాపు పిండేసిన గుడ్డతో తుడిచాను, ఎందుకంటే పైనున్న షెల్లాక్ మెరుగు (మన దేశపు లక్కతో చేసేదే) తడికి తెల్లబారుతుంది.

ఇత్తడి పట్టీకి మాత్రం గాడిని శుభ్రం చేసి, పొడవు పెరిగినట్టు కనిపించిన కొనను ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీస్తే సరిపోయింది.