విత్తనం వేసే ముందు మట్టి వేడి చూసుకోండి

• గాలి వేడిని బట్టి మట్టి వేడిని అంచనా వేయకండి. మే నెలలో డాబా మీది నల్ల ప్లాస్టిక్ కుండీ పెరటి నేల కంటే చాలా ఎక్కువ కాగుతుంది. చలికాలం రాత్రి అంతే త్వరగా చల్లబడుతుంది.

• మట్టి థర్మామీటరును విత్తనం పడే లోతులో, అంటే అంగుళం రెండు అంగుళాల దాకా గుచ్చి, ఉదయం పూట వరుసగా మూడు నాలుగు రోజులు చూడండి. ఒక్కరోజు లెక్క నమ్మదగింది కాదు. జ్వరం చూసే గాజు థర్మామీటరు వాడొద్దు. పగిలితే పాదరసం మట్టిపాలవుతుంది.

• బెండకు వెచ్చదనం కావాలి. మట్టి 17 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే గింజ మొలవక కుళ్లిపోతుంది. 25 నుంచి 35 మధ్య చకచకా మొలుస్తుంది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు చలిలో తొందరపడకండి, ఫిబ్రవరి దాకా ఆగితే నష్టమేమీ లేదు.

• పాలకూర, కొత్తిమీరలది పూర్తిగా ఎదురు దారి. మట్టి 30 దాటితే మొలకలు పలచబడతాయి. వేసవిలో వేయక తప్పదంటే పైన నీడ వల, మట్టిపై ఎండుగడ్డి ఉండాలి. నా మాట వింటే ఆ రెండు నెలలూ కొత్తిమీర కొనుక్కోవడమే నయం.

• టమాటా, వంగ నారు సాయంత్రమే నాటండి.

• ఎండకు పైపులో నిలిచిన నీళ్లు కాగి ఉంటాయి. అవి పోయాకే కుండీకి పట్టండి.