ధరలు పెరిగిన నెలల్లో కిరాణా కొట్టు సరుకును సర్దుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో, కాశీనగరంలోనో, గుణుపురంలోనో చిన్న కిరాణా కొట్టు నడిపేవారికి, ధరలు పెరిగిన ప్రభావం గల్లా లెక్కకంటే ముందే సరుకుల చీటీలో కనబడుతుంది. కిలో కందిపప్పు రాసే ఇల్లు ముప్పావు కిలో రాస్తుంది. మరుసటి నెలకు అలవాటైన టీపొడి పక్కనపెట్టి చవకదాన్ని చూపమంటుంది. అప్పటికీ సరిపోకపోతే కందిపప్పు మానేసి శనగపప్పుతో సరిపెట్టుకుంటుంది. ముందు పరిమాణం, తరువాత బ్రాండు, చివరకు వస్తువు మారడం మా కొట్టులో నేను చాలాసార్లు చూసిన వరుస.

కాబట్టి మొదట చేయవలసిన పని, ఎక్కువగా కదిలే పది సరుకులకు ఒక పుస్తకం పెట్టి, రోజూ ఎన్ని రూపాయలు వచ్చాయో కాక, ఏ పరిమాణం పాకెట్లు ఎన్ని వెళ్లాయో రాసుకోవడం. రూపాయల లెక్క మనల్ని మోసం చేస్తుంది. నూనె ధర 15 శాతం పెరిగి, అమ్మిన నూనె 10 శాతం తగ్గినా, గల్లాలో మూడు శాతానికి పైగా ఎక్కువే కనిపిస్తుంది. వ్యాపారం బాగుందనుకుని పాత మోతాదులోనే సరుకు తెప్పిస్తే అది గోదాములో నిలిచిపోతుంది.

నూనె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల దిగుమతి సుంకాన్ని కేంద్రం సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే నెలాఖరున 10 శాతానికి తగ్గించింది. ఇలా ఎటైనా మారగల సరుకును పది రోజులకు మించి నిల్వ చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ముతక బియ్యం సంగతి వేరు. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డున్న ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల ఆహార ధాన్యం ఉచితంగా అందుతున్నందున, ఆ ఇళ్లు ముతక బియ్యం మన దగ్గర తక్కువే కొంటాయి, వాటి డబ్బు మన కొట్టులో ముఖ్యంగా నూనె, పప్పు, కూరలోకి వేసే దినుసుల మీదకు మళ్లుతుంది.

పప్పులను పాకెట్లలోనే కాక విడిగా కూడా ఉంచండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముందే కట్టి లేబుల్ వేసిన పాకెట్లలో అమ్మే బియ్యం, పప్పులపై 5 శాతం జీఎస్టీ ఉంది. బస్తా విప్పి తూచి ఇచ్చేదానికి లేదు. పావుకిలో అడిగేవారికి ఆ తేడా చిన్నది కాదు, అయితే కాటా ముల్లు వారికి కనబడేలా ఉండాలి.

పాకెట్ల బరువు గురించి అడిగినా అడగకపోయినా చెప్పండి. తక్కువ ధర పాకెట్ నిజంగా చవకైనదని నమ్మి కొనేవారు చాలామంది. 850 గ్రాముల నూనె పాకెట్ 136 రూపాయలు, 910 గ్రాములది 141 రూపాయలు అనుకుంటే, మొదటిది కిలోకు 160, రెండవది సుమారు 155 పడుతుంది. పాకెట్‌పై ముద్రించే యూనిట్ ధరను చూపిస్తే చాలు. పెద్ద పాకెట్‌కు డబ్బు లేనివారు చిన్నదే తీసుకుంటారు, కానీ తెలిసి తీసుకుంటారు.

పర్లాకిమిడికి మహేంద్రతనయ నది అవతలే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం ఉన్నందున మన ధరలను రెండు ఒడ్డుల వారూ పోల్చి చూస్తారు. అన్నిటిపైనా తగ్గించడం మనవల్ల కాదు. కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లి ధరలు మాత్రం ప్రతి ఇల్లాలికీ గుర్తుంటాయి. ఆ నాలుగింటిపై లాభం తగ్గించుకుని, మిగతావాటిపై మామూలు లాభం ఉంచుకోవాలి.

అరువు నెలాఖరుకు పెరుగుతుంది. ప్రతి ఇంటికీ ఒక పరిమితి నిర్ణయించి, నెల మొదట్లో పాత పద్దు చెల్లించడానికి వచ్చినప్పుడే నెమ్మదిగా చెప్పండి. నలుగురి ఎదుట కాదనిపించుకున్న మనిషి డబ్బు చేతికొచ్చినా మన గడప తొక్కరు.

ధరలు దిగినప్పుడు కూడా తొందరపడకండి. పరిమాణం త్వరగానే పాత స్థాయికి వస్తుంది, వదిలేసిన బ్రాండు మాత్రం తిరిగి రాకపోవచ్చు. పుస్తకంలో వరుసగా రెండు నెలలు కనబడ్డాకే దాన్ని మళ్లీ పెట్టెల లెక్కన తెప్పించండి.