ల్యాప్‌టాప్ స్క్రీన్ గ్లాసీనా, మ్యాట్టా? కొనేముందు ఎలా తేల్చుకోవాలి?

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని పదిమందిని అడుగుతాం గానీ, స్క్రీన్ పైపొర ఎలాంటిదని అడిగేవాళ్లు తక్కువ. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకున్నాక, సినిమాలో చీకటి సీన్ వచ్చినప్పుడల్లా మన మొహమే కనబడుతుంటే అప్పుడు తెలుస్తుంది. ముందే చూసుకుంటే ఆ బాధ ఉండదు.

1. తేడా ఎక్కడుందో తెలుసుకోండి

లోపలి ప్యానెల్ రెండింటిలోనూ ఒకే రకం అయి ఉండొచ్చు, తేడా అంతా పైపొరదే. గ్లాసీ స్క్రీన్ నున్నగా ఉంటుంది కాబట్టి మీ వెనకున్న ట్యూబ్‌లైట్ అందులో ట్యూబ్‌లైట్‌లాగే కనబడుతుంది. మ్యాట్ స్క్రీన్ మీద కంటికి ఆనని సన్నటి గరుకు ఉంటుంది, అది పడ్డ వెలుగును అన్ని వైపులకీ చెదరగొడుతుంది, దాంతో అదే ట్యూబ్‌లైట్ ఒక మసక మచ్చలా మారుతుంది. గమనించండి, వెలుగు పోలేదు, పరుచుకుంది అంతే. అందుకే వెలుతురు ఎక్కువున్న గదిలో మ్యాట్ మీద నలుపు కాస్త బూడిద రంగుకి తిరుగుతుంది, కొన్నిటిలో తెల్ల పేజీ మీద సన్నటి ఇసుక చల్లినట్టు కూడా అనిపిస్తుంది. గదిలో లైట్లు తీసేస్తే నలుపులో ఈ తేడా దాదాపు కనబడదు.

2. మీరు కూర్చునే చోటు చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పగలంతా కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాళ్లు, ఆఫీసులో నెత్తిమీద ఎల్ఈడీ ప్యానెళ్ల కింద గంటల తరబడి ఎక్సెల్, కోడ్ చూసేవాళ్లు మ్యాట్ తీసుకోండి. రాత్రిపూట సినిమాలు చూసేవాళ్లకి, లైటింగ్ తమ చేతిలో ఉన్న గదిలో ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లకి గ్లాసీ బాగుంటుంది.

3. స్పెసిఫికేషన్లు చదవండి

యాంటీ గ్లేర్ అని ఉంటే మ్యాట్ అనుకోవచ్చు. యాంటీ రిఫ్లెక్టివ్ అంటే మాత్రం వేరు: స్క్రీన్ నున్నగానే ఉండొచ్చు, కానీ తిరిగొచ్చే వెలుగును తగ్గించే పలచటి కోటింగ్ ఉంటుంది. మామూలు గాజు పైతలం దాదాపు 4 శాతం వెలుగును తిప్పికొడుతుంది, ఆ కోటింగ్ దాన్ని బాగా తగ్గిస్తుంది. హెచ్‌పీ వాళ్లు బ్రైట్‌వ్యూ అని రాస్తే అది గ్లాసీ. టచ్‌స్క్రీన్లు, ఓఎల్ఈడీలు (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం స్క్రీన్లు) ఎక్కువగా గ్లాసీవే. మ్యాక్‌బుక్ ప్రోలో 2024 నుంచి అదనంగా డబ్బు కడితే నానో టెక్స్‌చర్ అనే మ్యాట్ రకం ఇస్తున్నారు. నిట్స్, అంటే స్క్రీన్ ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత, కూడా చూడండి: 250 నిట్స్ గ్లాసీ స్క్రీన్‌తో వెలుతురున్న గదిలో కష్టమే.

4. షాపులో పరీక్షించండి

స్క్రీన్ ఆఫ్ చేయించి, ఫోన్ టార్చ్ దాని మీద వేయండి. చుక్క స్పష్టంగా కనబడితే గ్లాసీ, చెదిరిపోతే మ్యాట్. తర్వాత ఆన్ చేసి, షాపువాళ్లు పూర్తిగా పెంచి పెట్టిన బ్రైట్‌నెస్‌ని సగానికి తగ్గించి, ఒక తెల్ల పేజీ, ఒక నల్ల ఫొటో చూడండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

5. ఇప్పటికే గ్లాసీ కొనేసి ఉంటే

టెన్షన్ పడక్కర్లేదు. కిటికీ మీ పక్కకి వచ్చేలా టేబుల్ తిప్పండి, చాలావరకు అక్కడే తీరిపోతుంది. పగలు డార్క్ మోడ్ వాడకండి, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీదే ప్రతిబింబాలు ఎక్కువ కనబడతాయి. మ్యాట్ ఫిల్మ్ అతికించొచ్చు గానీ అక్షరాల పదును కొంచెం తగ్గుతుంది, పైగా ఫిల్మ్ మందంగా ఉంటే మూత మూసినప్పుడు స్క్రీన్ మీద ఒత్తిడి పడుతుంది, కాబట్టి పలచటిదే తీసుకోండి.

6. తుడిచేటప్పుడు

ఆఫ్ చేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డని కొద్దిగా తడిపి తుడవండి. అద్దాలు తుడిచే స్ప్రేలు వద్దు, అమోనియా ఉన్నవి కోటింగ్‌ని పాడుచేస్తాయి. మ్యాట్ స్క్రీన్‌ని ఒకేచోట గట్టిగా రుద్దితే ఆ గరుకు అరిగి అక్కడ మెరుపు మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు.