పాఠం 4: సార్వా, దాళ్వా కలిపి కొలవొద్దు

చీటీ తీసినట్టు పేషెంట్లను రెండు గుంపులు ఎందుకు చేస్తారో పోయిన పాఠంలో చూశాం. ఈసారి ఫలితం చదవడం. నోట్‌బుక్ తీయండి, కంగారేం లేదు, అంతా తీసివేతలే.

సీఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ నెమ్మదిగా ముదురుతుంది, మందుకి లొంగినట్టే లొంగి తిరగబెడుతుంది. అలా తిరగబెట్టినవాళ్లు, మందుకి లొంగనివాళ్లు 652 మందితో ఆల్పైన్ ట్రయల్ చేశారు. కొందరికి పాత మందు ఇబ్రూటినిబ్, కొందరికి జానుబ్రూటినిబ్, రెండూ నోటితో మింగేవే. రెండేళ్లకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు జానుబ్రూటినిబ్ వైపు 78.4 శాతం, ఇబ్రూటినిబ్ వైపు 65.9. తీసేయండి, 12.5. అంటే వందకి పన్నెండు, పదమూడు మంది తేడా.

పరిశోధన పేపర్లో మాత్రం హజార్డ్ రేషియో 0.65 అని ఉంటుంది. అంటే 35 శాతం మందికి మేలన్నమాట అని మొదట్లో నేనూ అనుకున్నా, తప్పు. అది వేగం లెక్క: అప్పటిదాకా బాగున్నవాళ్లలో జబ్బు ముదరడమో ప్రాణం పోవడమో జరిగే వేగం 35 శాతం తగ్గింది, అంతే.

ఇంకో ట్రయల్ ఎలివేట్-ఆర్‌ఆర్, 533 మంది. ఇబ్రూటినిబ్‌కి పోటీ అకలాబ్రూటినిబ్. రెండు వైపులా మధ్యస్థం, అంటే సగం మందికి జబ్బు ముదరడమో ప్రాణం పోవడమో జరగడానికి పట్టిన కాలం, 38.4 నెలలే, డ్రా. అయితే జానుబ్రూటినిబ్ గెలిచింది, అకలాబ్రూటినిబ్ గెలవలేదు, కాబట్టి మొదటిదే మేలు అనేద్దామా?

రాజోలు దగ్గర మా బాబాయి వరి వంగడాల గురించి ఇలాగే అన్నాడు, "1121 ముందు స్వర్ణ ఏ మూలకిరా" అని. "బాబాయ్, అది దాళ్వా, ఇది సార్వా కదండీ" అన్నా. "అవుననుకో" అని చుట్ట వెలిగించుకున్నాడు. సార్వా అంటే వానాకాలం పంట, దాళ్వా అంటే దాని తర్వాత వేసే రెండో పంట. దాళ్వాలో దిగుబడి ఎటూ ఎక్కువే, దాంట్లో వంగడం గొప్పెంత?

ఎలివేట్‌లోకి 17పీ లేదా 11క్యూ క్రోమోజోమ్ ముక్క ఊడిన మొండి జబ్బువాళ్లనే తీసుకున్నారు. ఆల్పైన్‌లో ఆ షరతు లేదు. గమనించిన కాలమూ వేరు, ఎలివేట్‌లో సుమారు 41 నెలలు, ఆల్పైన్‌లో 30కి కాస్త తక్కువ.

నమ్మకం కుదరకపోతే ఈ మందుల దుష్ప్రభావం ఒకటి, గుండె లయ తప్పడం, చూడండి. ఆల్పైన్‌లో జానుబ్రూటినిబ్‌కి 5.2 శాతం, ఇబ్రూటినిబ్‌కి 13.3. ఎలివేట్‌లో అకలాబ్రూటినిబ్‌కి 9.4, ఇబ్రూటినిబ్‌కి 16. ఇబ్రూటినిబ్ రెండు చోట్లా అదే మందు, అంకె మాత్రం మారింది!

హోంవర్క్: నాలుగు గళ్ల పట్టీ గీసి ఈ గుండె లయ అంకెలు వేయండి, ఏ రెండు గళ్ల మధ్య తీసివేత చెల్లుతుందో పెన్సిల్‌తో చుట్టండి. 5.2ని, 9.4ని కలిపి చుట్టారంటే పాఠం మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే.