శ్రమల కాలంలో ఇంటిల్లిపాదీ వాక్యం చదువుకొనే విధానం

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల కాలంలో రోజుకొక చోట బైబిలు తెరిచి చదవడం కంటే, ప్రభువు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తలలో ఒకదానినే పట్టుకొని ప్రభువు వెంట గలిలయ నుండి యెరూషలేము దాకా నడవడం కుటుంబానికి ఎంతో మేలు చేస్తుంది. సముద్రతీరాన వలలు విడిచి వెంబడించిన పేతురును మొదటినుండి ఎరిగి ఉంటేనే, ప్రభువును ఎరుగనని బొంకి, కోడి కూసినప్పుడు అతడు ఏడ్చిన ఏడ్పు మన గుండెను తాకుతుంది.

ఏ సువార్త చదవాలన్నది తేల్చుకోవడం కష్టం కాదు. అనేక సంఘాలు పాటించే మూడేండ్ల పాఠక్రమం ప్రకారం 2026లో మత్తయి, 2027లో మార్కు, 2028లో లూకా ప్రధానంగా చదవబడతాయి. యోహాను సువార్త ఏటా ఈస్టర్ ముందటి పరిశుద్ధ వారంలోనూ, ఈస్టర్‌తో మొదలయ్యే పునరుత్థాన కాలంలోనూ వినిపిస్తుంది. శ్రమల కాలం మొదలయ్యే భస్మ బుధవారం నుండి ఈస్టర్ ముందటి శనివారం వరకు 46 రోజులు ఉంటాయి. ఆదివారాలు పునరుత్థానాన్ని స్మరించే దినాలు కాబట్టి, ఆ ఆరింటినీ తీసివేస్తే నలభై మిగులుతాయి.

2027నే తీసుకుందాం. ఆ ఏడు భస్మ బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న వస్తాయి. ఈస్టర్‌కు ముందటి ఆదివారమైన మట్టల ఆదివారానికి ముందు, ఆదివారాలు కాక, 34 దినాలు దొరుకుతాయి. మార్కు మొదటి 13 అధ్యాయాలను వాటికి పంచితే రోజుకు సుమారు 16 వచనాలు వస్తాయి గనుక, బడికి వెళ్లే పిల్లలకు కూడా భారం కాదు. అయితే వచనాల లెక్క కోసం ఒక ఉపమానాన్నో, ఒక స్వస్థతనో మధ్యలో తెంచకూడదు. భస్మ బుధవారంనాడు మాత్రం యోవేలు 2:12-18, 51వ కీర్తన చదివి ఆరంభించాలి. ఆదివారాలలో గుడిలో చదివిన భాగాన్నే ఇంట్లో మరొకసారి చదువుకుంటే చాలు.

మన బైబిలు భాష గ్రాంథికం. చదవబోయేవారు ముందుగా ఒకసారి బిగ్గరగా చదువుకొంటే, పొడుగాటి సంధి పదాల దగ్గర తడబడరు. పిల్లలకు ఈ అవకాశం తప్పక ఇవ్వాలి.

పరిశుద్ధ వారంలో తొందర అసలే పనికిరాదు. సోమవారం బేతనియలో మరియ ప్రభువు పాదాలకు అత్తరు పూసిన ఘట్టాన్ని (యోహాను 12:1-11), బుధవారం ప్రభువును అప్పగించడానికి శిష్యుడు యూదా చేసిన బేరాన్ని (మత్తయి 26:14-25) చదవవచ్చు. గురువారం రాత్రి పస్కాను గూర్చిన నిర్గమకాండము 12వ అధ్యాయం ముందుగా, పాదాలు కడిగిన యోహాను 13:1-15 తరువాత చదివితే, ప్రభువు శిష్యులతో కూర్చున్న ఆ కడపటి భోజనపు బల్లకు ముందున్న చరిత్ర అంతా అర్థమవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుండి మూడు వరకు గుడిలో, ప్రభువు సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఆ ఏడు మాటలు నాలుగు సువార్తల నుండి కూర్చినవి కాబట్టి, ఆ ఉదయమే ఇంట్లో మార్కు 14, 15 అధ్యాయాలను ఏకబిగిన చదవాలని నేను మనవి చేస్తాను. ప్రభువు సిలువపై పలికిన వాటిలో ఒక్క మాటనే మార్కు రాశాడు. అది 22వ కీర్తన మొదటి మాట. వెంటనే ఆ కీర్తన అంతా చదివితే, ఆ కేక ప్రార్థన అని పిల్లలకు సైతం తెలుస్తుంది. శనివారం సమాధికి కావలి పెట్టిన వృత్తాంతం (మత్తయి 27:57-66) చదివి మౌనంగా ఉండాలి.

ఈస్టర్ వేకువన మన ఊళ్లలో సమాధుల తోటకు వెళ్లి, ఆత్మీయుల సమాధులపై కొవ్వొత్తులు వెలిగించే ఆచారం ఉంది. మార్కు 16:1-8 చదవడానికి అంతకన్న తగిన చోటు లేదు. రాయి ఎవరు పొర్లిస్తారని దిగులుపడుతూ స్త్రీలు నడిచి వచ్చిన గడియ అదే కదా.

చాలామంది చదువు ఇక్కడితో ఆగిపోతుంది, అది నాకు బాధ కలిగిస్తుంది. పునరుత్థాన కాలం, శిష్యులపై పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దినంతో కలిపి 50 దినాలు. ప్రభువు లేచాడని నమ్మలేకపోయిన తోమా సందేహాన్ని తరువాతి ఆదివారం (యోహాను 20:19-31), ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులకు ప్రభువు కనబడిన ఘట్టాన్ని మరొక ఆదివారం (లూకా 24:13-35) చదువుకొని, మిగిలిన రోజులలో అపొస్తలుల కార్యములు కొనసాగించాలి. పెంతెకొస్తునాడు ఆ గ్రంథం రెండవ అధ్యాయాన్ని ప్రత్యేకంగా మళ్లీ చదవాలి. పనికత్తె ముందు బొంకిన పేతురే అక్కడ యెరూషలేము జనసమూహం ఎదుట నిలిచి మాట్లాడతాడు.