రక్తం ఆగకుండా పోతుంటే ఏం చేయాలి?

కోతల రోజుల్లో వరి గుప్పిట పట్టేది ఎడమ చెయ్యి, కొడవలి లాగేది కుడి చెయ్యి. అందుకే తెగేవి ఎక్కువగా ఎడమ చేతి వేళ్లే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరికాయ పీచు ఒలిచే గునపం మీద అరచెయ్యి జారుతుంది. పలాసలో జీడిపిక్కలు కోసేచోట వేలికొసలు తెగుతాయి. జాతీయ రహదారి పక్క ఊళ్లలో బండి మీంచి పడ్డ గాయాలు సరేసరి. గాయం ఏదైనా మొదటి పది నిమిషాల్లో పక్కనున్నవాళ్లు చేయాల్సిన పని ఒక్కటే: రక్తం ఎక్కణ్నుంచి వస్తోందో కనిపెట్టి సరిగ్గా అక్కడే అదిమి పట్టడం. చాలామంది ఈ పనిని సగమే చేస్తారు, రక్తం ఆగకపోవడానికి కారణం అదే.

ముందు ఎంత పోతోందో చూడండి

చేతిరుమాలు తడవడం వేరు, పంచె తడిసి నేల మీద మడుగు కట్టడం వేరు. కిందివాటిలో ఒక్కటి కనిపించినా ప్రాణం మీదికి వచ్చినట్టే లెక్క: రక్తం గుండె కొట్టుకునే లయలో చిమ్మడం, ఆగకుండా ధారగా కారడం, బట్టలు తడిసి చినుకులుగా రాలడం, వేలో చెయ్యో తెగిపోవడం, మనిషి తికమకగా మాట్లాడటం. వెంటనే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు గాయాన్ని అదమాలి. ఒక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పడేసి, రెండు చేతులూ గాయం మీదే ఉంచండి.

పెద్దవాళ్ల ఒంట్లో కిలో బరువుకి సుమారు 70 మి.లీ. రక్తం ఉంటుంది. అంటే 60 కిలోల మనిషికి నాలుగు లీటర్ల పైచిలుకు. పది కిలోల పిల్లాడి ఒంట్లో ఉండేది దాదాపు 800 మి.లీ. మాత్రమే. మనం నీళ్లు తాగే గ్లాసుడు పోయినా అందులో నాలుగోవంతు పోయినట్టే. పెద్దవాళ్ల గాయాన్ని చూసే కళ్లతో పసిపిల్లల గాయాన్ని అంచనా వేయకూడదు.

అదమడం: చెయ్యి ఎక్కడ, ఎలా, ఎంతసేపు

దెబ్బ తగిలిన మనిషిని నేల మీద పడుకోబెట్టండి. నులక మంచం మీద వద్దు. మీరు పైనుంచి అదిమితే మంచం కిందికి వంగిపోతుంది, మీ బలం గాయానికి అందదు. గట్టు మీదైనా సరే, కల్లంలో అయినా సరే, కింద గట్టి నేల ఉండాలి.

మీ చేతికి గ్లౌజులు లేకపోతే ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. గాయం చుట్టూ ఉన్న బట్టను కత్తిరించి చూడండి. పైకి పెద్దగా కనిపించే గాయంలో కూడా రక్తం తరచూ ఒకటి రెండు చోట్ల నుంచే వస్తుంది. గాజుగుడ్డ గానీ ఉతికిన పాత నూలుబట్ట గానీ అరచేతిలో సగం ఉండేలా మందంగా మడిచి ఆ చోట పెట్టండి. తువ్వాలు మొత్తం ఉండచుట్టి పెడితే బరువు చుట్టూ పరుచుకుపోతుంది. పైగా కింద రక్తం ఆగిందో లేదో తెలియదు, తువ్వాలు తాగేస్తుంది. ఉత్త దూది కూడా వద్దు, పోగులు గాయంలో అంటుకుపోతాయి.

ఇప్పుడు ఒక అరచేతి మడమను, అంటే మణికట్టు పక్కనుండే గట్టి భాగాన్ని, దాని మీద పెట్టి, రెండో చెయ్యి పైన వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా మోపండి. గాయపడినవాళ్లకి నొప్పి పుడుతుంది, వద్దంటారు. అయినా వదలొద్దు. ఫోన్‌లో టైం చూసి పది నిమిషాలు. మధ్యలో తీసి చూడకూడదు. "ఆగిందేమో చూద్దాం" అని రెండు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తేవాళ్లే ఎక్కువ. తెగిన రక్తనాళం నోటి దగ్గర రక్తకణాలు గుంపుకట్టి, వాటి మీద సన్నని పోగుల వల అల్లుకుని గడ్డ కడుతుంది. గుడ్డ ఎత్తినప్పుడల్లా ఆ గడ్డ దాంతోపాటే ఊడి వస్తుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. పక్కవాళ్లు ఎవరైనా "ఒగ్గేయకు, ఒగ్గేయకు" అని గుర్తుచేస్తూ ఉంటే మంచిదే.

గుడ్డ తడిసి రక్తం పైకి వస్తే దాని మీదే ఇంకొకటి పెట్టి ఇంకాస్త గట్టిగా అదమండి. రెండోది కూడా తడిసిందంటే గుడ్డలు చాలకపోవడం కాదు, మీ చెయ్యి సరైన చోట లేదని. అప్పుడు మాత్రం రెండూ తీసి, రక్తం ఊరే చోటును కళ్లారా చూసి, కొత్త గుడ్డతో అక్కడే అదమండి.

గజ్జల్లో, చంకలో, తొడలో లోతుగా తెగితే పైనుంచి అదిమితే చాలదు. ఉతికిన పలుచని గుడ్డను పొడవుగా చీల్చి, వేలితో గాయం లోపలికి, అడుగు తగిలేదాకా, రక్తం వచ్చే వైపుకు కూరుతూ పోవాలి. నిండాక దాని మీద రెండు చేతులతో అదమాలి. ఛాతీలో, పొట్టలో మాత్రం ఏమీ కూరకూడదు.

రక్తం తగ్గాక గుడ్డ తీయకుండానే పైన పది సెంటీమీటర్ల వెడల్పు బ్యాండేజీ చుట్టండి. చుట్టాక వేలిగోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లు చల్లబడి నీలంగా మారినా తిమ్మిరెక్కినా కట్టు కొంచెం సడలించాలి. మందస, మెళియాపుట్టి వైపు కొండ గూడేల నుంచి డోలీలో దింపాల్సి వస్తే ఈ కట్టు మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే ఆ దారిలో గాయాన్ని చేత్తో అదిమి పట్టడం కుదరదు. బయల్దేరే ముందు అయిదు నిమిషాలు ఆగి, కట్టు మీద రక్తం ఊరడం లేదని చూసుకున్నాకే డోలీ ఎత్తండి.

టూర్నికే ఎప్పుడు

చేతికో కాలికో తగిలిన గాయం, అదిమినా ఆగని ధార. అప్పుడే టూర్నికే, అంటే రక్తం పారకుండా చెయ్యినో కాలినో బిగించే పట్టీ. చిన్న కోతకి కట్టేది కాదు, పాముకాటుకి అసలే కాదు.

1. కనీసం నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీ కావాలి. తువ్వాలును పట్టీలా మడవండి. జనపతాడు, కొబ్బరితాడు, కరెంటు తీగ పనికిరావు. సన్నటివి కండను కోస్తాయి, లోపలున్న ధమనిని మూయలేవు.
2. గాయానికి నాలుగైదు వేళ్ల వెడల్పు పైన, గుండె వైపు కట్టండి. మోచేయి, మోకాలి కీలు మీద కట్టకూడదు, దాటి పైన కట్టాలి.
3. ఒక ముడి వేసి, దాని మీద జానెడు గట్టి కర్ర పెట్టి ఇంకో ముడి వేయండి. ధార పూర్తిగా ఆగేదాకా కర్ర మెలిపెట్టండి.
4. కర్ర తిరిగి విప్పుకోకుండా దాని కొనను ఇంకో గుడ్డతో కట్టేయండి.
5. కట్టిన టైం నుదుటి మీదో కట్టు మీదో పెన్నుతో రాయండి. పైన దుప్పటి కప్పి దాన్ని దాచకండి.

సగం బిగించిన టూర్నికే అసలు కట్టనిదానికన్నా చెడ్డది. పైనున్న సిరలు మూసుకుపోతాయి, లోతులో ఉన్న ధమని మూసుకోదు. రక్తం వస్తూనే ఉంటుంది, తిరిగి వెళ్లే దారి ఉండదు. దాంతో గాయం ఇంకా ఎక్కువగా కారుతుంది. బాగా బిగిస్తే విపరీతమైన నొప్పి ఉంటుంది, అది సరిగ్గా పడిందనడానికి గుర్తే. "కాసేపు వదులు చేసి మళ్లీ బిగించాలి" అనే పాత మాట వినకండి. ఒకసారి కట్టాక విప్పాల్సింది ఆసుపత్రిలోనే. రెండు గంటల్లోపు అక్కడికి చేరడమే లక్ష్యం.

డయాలసిస్ చెయ్యి నుంచి రక్తం వస్తే

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఇది అందరికీ తెలిసి ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ముంజేతిలోనో మోచేతి దగ్గరో ధమనిని, సిరను కలిపి ఫిస్టులా చేస్తారు. చెయ్యి పెట్టి చూస్తే జువ్వుమని అదురుతూ ఉంటుంది. అందులో నిమిషానికి అర లీటరు నుంచి లీటరుకు పైగా రక్తం పారుతుంది. అందుకే సూది మొనంత రంధ్రం తెరుచుకున్నా కొద్ది నిమిషాల్లోనే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. డయాలసిస్‌లో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి ఆ రోజు రిస్కు ఇంకా ఎక్కువ.

సూది తీసిన చోట ఇంటికొచ్చాక కొంచెం ఊరుతుంటే రెండు వేలికొసలతో సరిగ్గా ఆ బిందువు మీద పది నిమిషాలు అదమండి. చిమ్ముతుంటే చెయ్యి పైకెత్తి, ప్లాస్టిక్ నీళ్ల సీసా మూతను బోర్లించి, గుల్ల వైపు చర్మానికి తగిలేలా రంధ్రం మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కండి. మూత అంచు చుట్టూ ఆనుకుని రక్తాన్ని ఆపుతుంది. ఇక్కడ తువ్వాళ్లు చుట్టడమే పెద్ద పొరపాటు. ఒకటి తడిస్తే ఇంకొకటి చుడతారు, లోపల ధార పోతూనే ఉంటుంది. 108 వాళ్లకి "డయాలసిస్ చెయ్యి నుంచి రక్తం పోతోంది" అని ఆ మాటే చెప్పండి. ఇంట్లో ఒక్కరే ఉంటే ముందు తలుపు గడియ తీసి, కింద పడుకుని నొక్కుకోవాలి.

ఇది చాలాసార్లు ముందే చెప్పి వస్తుంది. సూదుల చోట పొక్కు మానకుండా పెరగడం, అక్కడి చర్మం పలుచబడి మెరవడం, ఉబ్బు పెద్దదవడం, చీము, సూది తీశాక అరగంటైనా ఆగని రక్తం, దానంతట అదే వచ్చి ఆగిపోయిన చిన్న రక్తస్రావం. వీటిలో ఏది కనిపించినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా అదే రోజు చూపించుకోవాలి. 2023 డిసెంబరు నుంచి పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, సూదిమందు వేయనివ్వకండి, బిగుతు గాజులు, వాచీ వద్దు, ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవద్దు.

గాయంలో వేయకూడనివి

పసుపు, కాఫీపొడి, సున్నం, బూడిద, కిరసనాయిలు, నలిపిన గడ్డిచామంతి ఆకు. ఇవి అలవాటుగా చేతికి అందేవే. చిన్న గీత మీద వేసినప్పుడు రక్తం దానంతట అదే ఆగుతుంది, పేరు మాత్రం ఆకుకి వస్తుంది. లోతైన గాయంలో వేస్తే డాక్టరు దాన్నంతా గోకి కడగాలి, ఈలోగా ఏ నరం తెగిందో కనిపించదు. మట్టి, పేడ కూడా వద్దు, వాటిలో ధనుర్వాతం బీజాలు ఉంటాయి.

గుచ్చుకున్న వస్తువు, తెగిన వేలు, ముక్కు

ఒంట్లో దిగిన గునపం, కత్తి, ఇనుప చువ్వ లాగకండి. అది ఉన్నంతసేపు బిరడాలా పని చేస్తుంది. దాని రెండు పక్కలా గుడ్డలు పేర్చి కదలకుండా కట్టి అలాగే తీసుకెళ్లండి. పొట్ట చీలి పేగు బయటికొస్తే లోపలికి తోయకండి, తడి శుభ్రమైన గుడ్డ కప్పండి.

తెగిన వేలిని మంచినీళ్లతో పైపైన కడిగి, తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి పోకుండా కట్టి, ఆ కవరును ఐస్ మీద ఉంచండి. రేవుల్లో చేపల ఐస్ దగ్గరే ఉంటుంది కదా అని వేలిని నేరుగా అందులో పడేస్తారు. మంచు తగిలిన కణాలు చచ్చిపోతాయి, ఆ వేలిని మళ్లీ కుట్టడం కుదరదు.

ముక్కు నుంచి కారితే తల వెనక్కి వంచకండి. ముందుకు వంగి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు గట్టిగా పట్టుకోవాలి. నోట్లోకి వచ్చింది ఉమ్మేయాలి. అరగంటకీ ఆగకపోయినా, రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి.

బండి వచ్చేలోపు

ఒళ్లు పాలిపోయి చల్లటి చెమట పట్టడం, నాడి సన్నగా వేగంగా కొట్టడం, దాహం, విసుగు, ఆ తర్వాత మత్తు. ఇది షాక్. వెల్లకిలా పడుకోబెట్టి దుప్పటి కప్పండి, ఎండాకాలమైనా సరే. రక్తం పోయిన ఒళ్లు చల్లబడితే గడ్డకట్టడం ఇంకా మందగిస్తుంది. నీళ్లు అడుగుతారు, పాపం అనిపిస్తుంది, కానీ ఇవ్వొద్దు. ఆపరేషన్ కావాల్సి రావచ్చు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెదాలు తడపండి, అంతే.

రోడ్డు మీద దెబ్బ తిన్నవాళ్లని తీసుకెళ్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది. ఇష్టం లేకపోతే పేరు చెప్పనక్కర్లేదు.

తర్వాత

రక్తం ఆగిన చిన్న గాయాన్ని పారే నీటి కింద అయిదు నిమిషాలు కడగండి. కుక్కకాటైతే సబ్బుతో పదిహేను నిమిషాలు, ఆపైన ఆలస్యం లేకుండా రేబిస్ టీకా. అంచులు విడిపోయినా, లోపల కొవ్వు కనిపించినా, వేలు వంచలేకపోయినా, కొస మొద్దుబారినా కుట్లకి వెళ్లాల్సిందే. మట్టి అంటిన గాయమైతే చివరి ధనుర్వాతం టీకా వేసి అయిదేళ్లు దాటిందా అని చూసుకోండి. ఇప్పుడు టీటీ బదులు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రెండింటికీ కలిపిన టీకా) వేస్తున్నారు. నొప్పికి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు గానీ ఇంజెక్షన్లు గానీ తీసుకోకూడదు. పారాసెటమాల్ ఎంత వేసుకోవాలో డాక్టర్ని అడగాలి.

కుట్లు సాధారణంగా ముఖం మీద అయిదు రోజులకి, తల మీద వారం పది రోజులకి, చేతులకీ కాళ్లకీ పది నుంచి పద్నాలుగు రోజులకి తీస్తారు. ఈలోపు గాయం చుట్టూ ఎరుపు రోజురోజుకీ వెడల్పైనా, ఎర్రగీత పైకి పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా గడువుదాకా ఆగకండి. దవడ బిగుసుకుని నోరు తెరవడం కష్టమైతే ఆ రాత్రే బయల్దేరండి.